బాలమణికి దొరికిన నోరు మూసుకునే ఉద్యోగం

తూంకుంటలో కిరాణా కొట్టు వెనక సందులో ఉండే బాలమణికి ఏదైనా చెప్పి, చివర్లో "ఎవరికీ చెప్పకు" అన్నారంటే, సందు చివరి ఇంటిదాకా ఆ సంగతి చేరాలని మీరు కోరుకుంటున్నట్టే. ఆమె చెడ్డ మనిషి కాదు. చాడీలు చెప్పి తగవులు పెట్టే రకం అసలే కాదు. విన్నది లోపల ఆగదు, అంతే. కొందరికి జేబులో చిల్లర ఆగదు, కొందరికి కంట్లో నీళ్లు ఆగవు. బాలమణికి మాట ఆగదు.

ఆమె భర్త నారాయణ శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. చేపల మధ్య ఉండీ ఉండీ వాటి అలవాటే వచ్చిందేమో, నోరు తెరిచేవాడు గానీ మాట బయటికి వచ్చేది తక్కువ. ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడేది. ఆయనకు దాంతో ఇబ్బంది ఏమీ లేదు. ఎవరింట్లో ఏం జరిగిందో వల బాగుచేసుకుంటూనే తెలిసిపోయేది.

ఆమె పనిచేసే మందుల ప్యాకింగ్ కంపెనీ ఒకరోజు మూతపడింది. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఇంకో కంపెనీ ఆడవాళ్లను తీసుకుంటోందని తెలిసి వెళ్లింది. పెద్ద రేకుల షెడ్డు. గేటు దగ్గరే ఫోను తీసుకుని తాళం వేశారు. ఎటు చూసినా కెమెరాలు. లోపల, ఆఫీసులు వాడి పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్లు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి.

ఆ కంపెనీ చేసే పని చిత్రమైనది. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్లాట్ల వ్యాపారులు తమ పాత కంప్యూటర్లను సీలు వేసిన పెట్టెల్లో పంపిస్తారు. వాటిలో జనం పేర్లు, జబ్బులు, జీతాలు, సంతకాలు అన్నీ ఉంటాయి కదా. అవి ఇంకెవరి చేతికీ చిక్కకుండా లోపలి హార్డ్ డిస్కులు ఊడదీసి, పెద్ద యంత్రంలో వేసి పొడిపొడి చేస్తారు. చేశామని కాగితం రాసిస్తారు.

అక్కడి మేనేజరు తృప్తి. పేరుకు తృప్తే గానీ ఏ పనీ ఆమెకు ఒక పట్టాన తృప్తినివ్వదు. బాలమణిని కూర్చోబెట్టి అంతా వివరించింది.

"కంప్యూటర్ల డిలీట్ కొడ్తే పోదా మేడం?" అని అడిగింది బాలమణి.

"డిలీట్ కొట్టడమంటే గుమ్మం మీద పేరు పలక తీసేయడం లాంటిది. ఇల్లూ సామానూ లోపల అలాగే ఉంటాయి. తెలిసినవాడు తలుపు తోసుకుని వెళ్లిపోతాడు. అందుకే మనం ఇల్లే లేకుండా చేస్తాం. ఇక్కడి విషయం ఒక్కటి కూడా బయటికి పోకూడదు. మాట దాచుకోగలవా?"

"నా అంత దాచుకునేటోళ్లు తూంకుంటల లేరు మేడం. మా పక్కింటి రోజారాణి అత్తతోని లొల్లి పెట్టుకొని పుట్టింటికి పోయొచ్చింది. ఇప్పటిదాంక ఒక్కలకన్న జెప్పిన్నా?"

తృప్తి పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడు నాకు చెప్పావు కదమ్మా."

"మీరు తూంకుంటోళ్లు గాదు గద మేడం."

ఆ జవాబు తర్వాత కూడా ఉద్యోగం ఎలా వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోయారు. దానికి కారణాలు రెండు. పాత కంపెనీవాళ్లు ఆమెకు చేతివాటం లేదని మంచి మాట చెప్పారు. రెండోది, డిస్కులు నలిపే యంత్రం దగ్గర మనిషి కావాలి. ఆ యంత్రం నడుస్తుంటే పక్కనవాడు అరిచినా వినబడదు. చెవులకు మూతలు పెట్టుకోవాలి. బాలమణిని నిలబెట్టడానికి మొత్తం మేడ్చల్‌లో అంతకంటే క్షేమమైన చోటు లేదని తృప్తికి తోచింది.

మొదటిరోజు పని ముగించుకుని సందులోకి అడుగుపెట్టగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"ఏమేం సూసినవ్ అక్కా? ఎవరెవరియి వచ్చినయ్?" అంది రోజారాణి.

బాలమణి చెప్పడానికి నోరు తెరిచింది. తృప్తి మొహం గుర్తొచ్చింది. మూసుకుంది. "అది చెప్పొద్దు" అంది.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాలమణి నోటి నుంచి ఆ మాట రావడం వాళ్లు పుట్టి బుద్ధెరిగాక విన్నది లేదు. చెప్పేస్తే అరగంటలో పాతబడిపోయేది, చెప్పకపోయేసరికి పెద్దదైపోయింది. మర్నాటికల్లా బాలమణికి బ్యాంకులవాళ్ల గుట్లు, నాయకుల గుట్లు అన్నీ తెలుసునని సందు నమ్మేసింది. ఆమెకు కూడా ఆ మర్యాద రుచించింది. ఆ తర్వాత ఏది అడిగినా అదే జవాబు. క్యాంటీన్‌లో ఏం కూర పెట్టారని అడిగితే కూడా "అది చెప్పొద్దు" అనడం మొదలుపెట్టింది.

నారాయణ ఒక సాయంత్రం అడిగాడు. "నిజంగ ఏం కనబడ్తదే గా డిస్కుల?"

"ఏం కనబడదయ్యా. సబ్బు బిళ్లంత ఇనుప డబ్బా. ఇటు ఏస్తే అటు అటుకులోలె రాల్తది."

"మరి గా ఆడోళ్లందరికి గట్లెందుకు జెప్తున్నవ్?"

"నేనేం జెప్పిన? చెప్పొద్దు అని జెప్పిన. గది అబద్ధమా?"

నారాయణ ఆలోచించి చూశాడు. అబద్ధం కాదు. మళ్లీ వల మీదికి వంగాడు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. అంతవరకూ బాలమణి జనం వెంటపడి సంగతులు తెలుసుకునేది. ఇప్పుడు జనమే ఆమె అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు.

ముందు వచ్చింది వినోద. శామీర్‌పేటలో రక్తపరీక్షలు చేసే సెంటర్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. నిండుగా ముస్తాబై తిరిగే మనిషి. వచ్చి చాలాసేపు కొంగు నలిపింది.

"అక్కా, మా సెంటర్ల పాత కంప్యూటర్లు మీ దగ్గరికే పంపిన్రట."

"అది చెప్పొద్దు వినోదా."

"నువ్వు జెప్పకు, నేనే జెప్త. అండ్ల నా థైరాయిడ్ పరీక్ష గూడ ఉంటది. డాక్టర్ తిడ్తడని వయసు అసల్దే రాయించిన. నువ్వు సూసే ఉంటవ్." గొంతు తగ్గించింది. "నిన్ను అక్కా అక్కా అంటున్న గని, నిజానికి నువ్వే నాకు చెల్లె అయితవ్. దండం పెడ్త, ఎవ్వలకు జెప్పకు. మా ఆయనకే తెల్వదు."

బాలమణి మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. కదిలించకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

తర్వాత మల్లేష్. ఫంక్షన్ హాలు మేనేజరు. హాల్లో కెమెరాల రికార్డింగు పెట్టె మార్చి పాతది బాలమణి కంపెనీకి పంపించారట. వచ్చి కూర్చోకుండానే, "మీరు సూసిందంత నిజమే వదినా" అన్నాడు.

బాలమణి ఏమీ అనలేదు. అనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ మౌనానికే మల్లేష్ కరిగిపోయాడు.

"షుగరున్నోన్నే. గని డబల్ కా మీఠా సూస్తే కాళ్లు ఆగయ్. పెండ్లోళ్లు పోంగనే వంటింట్లకు జొర్రుత. నా పెండ్లాం శివమ్మకు తెల్సిందంటే రాగి జావ గూడ బంద్ జేస్తది."

"తగ్గించుకో మల్లేషూ" అంది బాలమణి, అన్నీ కళ్లారా చూసిన మనిషిలాగా.

ఇంకా చాలామంది వచ్చారు. పుట్టి పెరిగాక ఇన్ని గుట్లు ఒకేసారి ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. ఒక్కటంటే ఒక్కటి చెప్పుకునే దారి లేదు. వినోద వయసు బయటపడితే, "బాలమణి డిస్కులో చూసి చెప్పింది" అంటారు. ఆ మాట మేడ్చల్ చేరితే ఉద్యోగం పోతుంది. అన్నం సయించడం మానేసింది. కడుపు ఉబ్బరమని వాము నమిలింది. ఉబ్బరం కడుపుది కాదని నారాయణకు తెలుసు గానీ, చెప్పేవాడు కాదు కదా.

ఆఖరికి దారి ఆమే కనిపెట్టింది. యంత్రం హోరుగా తిరుగుతుంటే, చెవులకు మూతలు పెట్టుకుని, ఒక్కో డిస్కూ లోపలికి జారవిడుస్తూ గొంతెత్తి చెప్పేసేది. "వినోద నాకంటె పెద్దదంట! మల్లేషు మిఠాయి దొంగంట!" ఎవరికీ వినబడేది కాదు. ఆమెకే వినబడేది కాదు. సాయంత్రానికి ప్రాణం తేలికపడేది, అన్నం రుచించేది.

తృప్తి ఒకరోజు పిలిచింది. "బాలమణమ్మా, కెమెరాలో చూస్తే నీ పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉంటున్నాయి. ఏమైనా జపమా?"

"అవ్ మేడం" అంది బాలమణి వినయంగా. "మనసు హల్కగ అయితది."

పని చేస్తూ కూడా దేవుణ్ని మరవని మనిషి అని తృప్తి ఆ వారమంతా మిగతావాళ్లకు ఆమెను చూపించి చెప్పింది.

ఇలా సాగుతుండగా, సెలవురోజు మధ్యాహ్నం సుధీర్ వచ్చాడు. బౌరంపేట్ వైపు ప్లాట్లు అమ్మే మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. రోజారాణి, ఆమె భర్త రమేష్ అతని దగ్గరే ఒక ప్లాటు చూసుకుని, రిజిస్ట్రేషన్‌కు సిద్ధమవుతున్నారు. రమేష్ కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ పనికి పోతాడు. సొంత ఇంటి కోసం ఆ మొగుడూ పెళ్లాం ఎంత ఆశపడుతున్నారో సందుకంతా తెలుసు. రోజారాణి అప్పుడే వంటింటి కిటికీ ఎటువైపు ఉండాలో కూడా తేల్చేసింది.

"అక్కా, మా ఆఫీసుల కంప్యూటర్లన్ని మార్చినం" అన్నాడు సుధీర్. "పాతయి మీ కాడికే వచ్చినయ్."

"అది చెప్పొద్దు తమ్మీ."

"ఎరుకే. నువ్వు మస్తు గట్టిదానివని అందరంటున్నరు. అందుకే దాసుడెందుకని నేనే వచ్చిన." చెమట తుడుచుకున్నాడు. "గా పాత లేఅవుట్ నక్ష సూసే ఉంటవ్. ఎన్క వరుస ప్లాట్లన్ని కుంట శిఖంల వడ్తయని అండ్ల సాఫ్‌గ కనబడ్తది. వాన గట్టిగ పడ్తే నీళ్లొచ్చే జాగ. కొత్త నక్షల కుంటనే తీసేసిన్రు. నేను జెయ్యలేదక్కా, మా భాగస్తుడు జేసిండు. నాకు గూడ పరేషానే ఉన్నది."

బాలమణి ముందుకు వంగింది. "ఎన్క వరుసంటే... రోజారాణోళ్లు సూసిందా?"

"అవ్, గదే" అన్నాడు సుధీర్. మిఠాయి డబ్బా అరుగు మీద పెట్టి, కాస్త తేలికపడ్డ మొహంతో వెళ్లిపోయాడు.

గుమ్మం లోపల కూర్చుని అంతా విన్న నారాయణ వల పక్కన పెట్టాడు. అది మామూలుగా జరిగే పని కాదు.

"పోయి రోజారాణికి జెప్పు" అన్నాడు.

"ఎట్ల జెప్పాలె? కంపెనీల సూసి చెప్పిందంటరు. నా నౌకరి పోతది. మేడం మొఖం ఎట్ల సూడాలె?"

"డిస్కుల ఏం కనబడదని గది గూడ జెప్పు."

ఆ మాట అనడం ఆయనకు తేలికే. ఇవాళ ఆమె వస్తుంటే ఆడవాళ్లు కుర్చీ ఖాళీ చేస్తున్నారు. పెద్దపెద్దవాళ్లు వచ్చి అరుగు మీద చేతులు కట్టుకుంటున్నారు. ఏమీ కనబడదని చెప్పిన క్షణం ఆమె మళ్లీ కిరాణా కొట్టు వెనక సందు బాలమణే. సాయంత్రం రోజారాణి వచ్చి, "అక్కా, ఇల్లు కట్టినంక పాలు పొంగిచ్చుడు నీ చేతులతోనే" అంది. బాలమణి తల కూడా ఎత్తలేకపోయింది.

మర్నాడు పనిలోకి దిగకముందే తృప్తి గదికి వెళ్లింది. సుధీర్ వచ్చి చెప్పింది, తను ఇన్నాళ్లూ "చెప్పొద్దు" అని గొప్పలు పోయిన సంగతి, వినోదవీ మల్లేష్‌వీ గుట్లు తప్ప అన్నీ చెప్పేసింది. చివరికి, "నేనిప్పుడు మాట్లాడొచ్చా మేడం?" అని అడిగింది. బాలమణి మాట్లాడటానికి ఒకరి అనుమతి అడగడం అదే మొదలు.

తృప్తి నుదురు రుద్దుకుంది. "అతని కంప్యూటర్లు మన దగ్గర ఉన్నాయో లేవో కూడా నేను చెప్పను. పెట్టెలో వచ్చింది మన నోట రాకూడదు. కానీ ఒక మనిషి నీ ఇంటికొచ్చి తన నోటితో చెప్పింది మన పెట్టెలోది కాదు. అది నీది. నీకు మంచిదనిపించింది చెయ్యి."

"సరే మేడం."

"ఆగు. దానితో పాటు, ఇక్కడ మనం ఎవరివీ చూడమని, చూడలేమని నీ చుట్టుపక్కలవాళ్లందరికీ తెలియాలి. డిస్కులు చదువుతామని ఒక్కరు నమ్మినా, రేపటి నుంచి మనకు పెట్టెలు రావు. ఆ మచ్చ పెట్టింది నువ్వే. నువ్వే తుడవాలి."

ఆదివారం సుధీర్ తన కారులో రోజారాణినీ రమేష్‌నూ ప్లాటు చూపించడానికి తీసుకెళ్తుంటే, బాలమణి కూడా ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. సుధీర్ కాదనలేకపోయాడు. అన్నీ తెలిసిన మనిషిని కారు దిగమని ఎవరంటారు?

బౌరంపేట్ దాటాక, కొత్తగా నాటిన హద్దురాళ్లు వరుసగా కనిపించాయి. ముందు వరుసలో నేల గట్టిగా ఉంది. వెనక్కి వెళ్లేకొద్దీ చెప్పు దిగబడసాగింది. తెల్ల కొంగలు రెండు, రోజారాణి వంటిల్లు రావలసిన చోట తీరిగ్గా నిలబడి ఉన్నాయి.

"ఎంత సల్లగున్నది సూడక్కా" అంది రోజారాణి మురిసిపోతూ.

"సల్లగనే ఉంటది" అంది బాలమణి. సుధీర్ వైపు తిరిగింది. "తమ్మీ, మొన్న మా అరుగు మీద నాకు జెప్పిన మాట, గిప్పుడు వీళ్లకు జెప్పు."

సుధీర్ మొహం వెలవెలబోయింది. "డిస్కుల సూసింది బైట మాట్లాడొద్దు గదక్కా. మీ కంపెనీకి ఫోన్ జేస్త నేను."

"చెయ్ తమ్మీ, మేడం నంబర్ నేనే ఇస్త. నేను ఏ డిస్కుల ఏం సూడలే. గాడ సూసేటందుకేం ఉండది. నాది నలగ్గొట్టే యంత్రం, సూపెట్టే యంత్రం గాదు. నువ్వు నీ నోటితోని జెప్పినవ్, నేను నా చెవులతోని విన్న."

"మరి... చెప్పొద్దు, చెప్పొద్దు అన్నవ్ గద?"

"నాకేం తెల్వదని చెప్పనీకె నామోషి అయింది తమ్మీ." బాలమణి మొహం ఎర్రబడింది. "రోజారాణీ, నువ్వు గూడ ఇను. మీరందరు అనుకున్నట్టు నాకేం తెల్వదు. గిది ఒక్కటి తెల్సు. గిది గూడ గీయన చెప్తనే."

సుధీర్ తన చెప్పుల వైపు చూశాడు. అవి సగం బురదలో ఉన్నాయి. పారిపోవాలన్నా తీయడానికి సమయం పట్టేలా ఉంది. ఇక తప్పక, పాత నక్ష సంగతి మొదటినుంచి చెప్పాడు. రమేష్ కోపంతో ఊగిపోయాడు. రోజారాణి ఏడ్చింది. కొంగలు లేచి పోయాయి.

సుధీర్‌ను మరీ అంత తీసిపారేయనక్కర్లేదు. చెప్పేశాక, "నాకు గూడ అన్నం సయిస్తలేదక్కా" అన్నాడు. వెనక వరుస అమ్మేది లేదని భాగస్తుడితో పోట్లాడి, గొడవలన్నీ అయ్యాక అతన్నుంచి విడిపోయాడు. రోజారాణివాళ్లు ఆ తర్వాత తూంకుంటలోనే ఒక చిన్న జాగా చూసుకున్నారు. అక్కడ గాలి రాదని ఆమె ఇప్పటికీ సణుగుతుంది గానీ, నేల మాత్రం గట్టిది.

బాలమణికి ఏమీ తెలియదన్న వార్త సందులో ఆమె మోసిన వార్తలన్నిటికంటే వేగంగా పాకింది. దాన్ని మోసింది కూడా ఆమే. తృప్తికి మాట ఇచ్చింది కాబట్టి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చెప్పిన ప్రతి ఇంట్లోనూ ముందు ఒక నమ్మని చూపు, తర్వాత ఒక పెద్ద కోపం. మల్లేష్ అయితే రెండు చేతులతో తల పట్టుకుని, "మరి నాతోని గివన్ని ఎందుకు జెప్పిచ్చినవ్ వదినా!" అని గట్టిగా అరిచాడు. లోపలి నుంచి శివమ్మ, "ఏవన్ని?" అంటూ బయటికి వచ్చింది. మిగతాది బాలమణి చెప్పవలసిన అవసరం రాలేదు.

వినోద నాలుగు రోజులు పలకలేదు. ఐదో రోజు కుళాయి దగ్గర అందరి ముందూ కోపం పట్టలేక, "నువ్వు నాకు అక్కవా? నాకంటె చిన్నదానివి, నీకు గింత బుద్ధి లేదా!" అనేసింది. బిందెలన్నీ ఆగిపోయాయి. బాలమణి మాత్రం, "తప్పైంది వినోదక్కా" అని ఊరుకుంది. వయసు సంగతి ఆమె నోటి నుంచి రాలేదని సందంతా సాక్ష్యం చెబుతుంది.

కొన్నాళ్లు అరుగు ఖాళీగా ఉండిపోయింది. కుర్చీ ఎవరూ జరపలేదు. బాలమణికి వెలితిగానే ఉండేది. అయితే ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మాటల్లో జనానికి ఇంకొకటి కూడా పట్టుకుంది. డిలీట్ కొడితే పోదట. ట్యూషన్ సెంటర్ ఆయన మూలన పడేసిన కంప్యూటర్ ఏం చేయాలని అడిగాడు. టెంట్‌హౌసు ఆయన అడిగాడు. వాళ్లను వెంటబెట్టుకుని మేడ్చల్‌కు తీసుకెళ్తుంటే, కంపెనీవాళ్లు గోడల మీద రాయించిన ప్రకటనలకంటే ఈమె నోటికే ఎక్కువ పెట్టెలు వస్తున్నాయని తృప్తి గమనించింది.

ఇప్పుడు వారంలో రెండు రోజులు బాలమణికి యంత్రం పని లేదు. మైకు కట్టిన ఆటోలో కూర్చుని మేడ్చల్, శామీర్‌పేట, కుత్బుల్లాపూర్ బజార్లలో తిరుగుతూ, చిన్న చిన్న ఆఫీసుల పాత కంప్యూటర్లు సేకరించాలి. తృప్తి ఒక కాగితం మీద మాటలు చక్కగా రాసిచ్చింది. బాలమణి మొదటి వాక్యం శ్రద్ధగా చదివి, కాగితాన్ని మడిచి దాని మీద కూర్చుంది.

"అన్నలాలా, అక్కలాలా! డిలీట్ కొట్టినం, పోయిందనుకుంటున్నరా? గుమ్మం మీద పేరు తీసేస్తే ఇల్లు పోతదా?"

మొదటిరోజు తోడొచ్చి పక్కన కూర్చున్న తృప్తి మైకు అందుకోబోయి, ఆగిపోయింది. జిరాక్సు కొట్టు యజమాని దుమ్ము పట్టిన కంప్యూటర్‌ను గుండెకు హత్తుకుని అప్పుడే మెట్లు దిగి వస్తున్నాడు. ఆటో దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, లోపలేమున్నదో మీరు సూస్తరా?"

"సూడం తమ్మీ, సూడనియ్యరు." బాలమణి సీలు వేసే పెట్టె మూత తెరిచి పట్టుకుంది. మైకు ఆపడం మాత్రం మర్చిపోయింది. "గని నీకేమన్న జెప్పుకోవాలనుంటె, పొద్దుగూకినంక మా ఇంటికి రా. చాయ్ తాగుకుంట మాట్లాడుదం."